బిడ్డ ఎన్నిసార్లు సాక్ష్యం చెప్పాలి?

తెలుగులో సాక్ష్యం అన్న మాట రెండు చోట్ల వినిపిస్తుంది. కోర్టులో బోనెక్కి చెప్పేది సాక్ష్యం. ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి, దేవుడు తనకు చేసిన మేలు చెప్పుకునేదీ సాక్ష్యమే. అమ్ముడుపోయి, ఎలాగో బయటపడి, ఒక క్రైస్తవ హోమ్‌కు చేరిన పిల్లకు ఈ రెండూ ఎదురవుతాయి. కోర్టులో ఆమె ఎన్నిసార్లు నోరు తెరవాలో, ఎవరి ఎదుట నిలబడనక్కర్లేదో చట్టం చాలావరకు తేల్చింది. ఆరాధనలో సంగతి ఇంకా తేలలేదు.

ఈ పరిచర్యలకు దగ్గరగా మసలినవారు ఇలాంటి సాయంత్రం ఒకటైనా చూసి ఉంటారు. హోమ్ ఆవరణలో షామియానా వేస్తారు. ముందు వరుసలో దండలు వేయించుకున్న అతిథులు కూర్చుంటారు. వాళ్లు పంపే డబ్బుతోనే అక్కడ బియ్యం వస్తుంది, స్కూలు ఫీజు కడతారు. పిల్లల యాక్షన్ సాంగ్ అయ్యాక వార్డెన్ అక్క ఒక పిల్లను చెయ్యి పట్టుకుని మైకు దగ్గరికి తీసుకొస్తుంది. ఆ పిల్ల బొటనవేలితో నేల రాస్తూ, ముందురోజు నాలుగైదుసార్లు చెప్పించిన మాటలే చెబుతుంది. ఏ ఊరు, ఎవరు తీసుకెళ్లారు, ఎక్కడ ఉంచారు, ఇప్పుడెంత సంతోషంగా ఉంది. పాస్టరు అయ్యగారు ఇంగ్లీషులోకి మారుస్తారు. అతిథులు కళ్లు తుడుచుకుంటారు. వెనక చాపల మీద కూర్చున్న పిల్లలు మాత్రం ఆమె వైపు చూడరు. వచ్చేసారి పిలుపు తమకే రావచ్చని వాళ్లకు తెలుసు.

అక్కడ చెడ్డవారు ఎవరూ లేరు. పెట్టిన అన్నం నిజం, చెప్పించిన చదువు నిజం. అయినా దోపిడీకి గురైన పిల్లల కోసం క్రైస్తవులు నడిపే పరిచర్య మొత్తానికి ఆ మైకు దగ్గరే పరీక్ష ఉందని నా అభిప్రాయం. ఆ బిడ్డ కథ ఎవరిది? ఎవరి కోసం చెప్పిస్తున్నాం? నూట నలభై ఏళ్ల చరిత్రను ఈ ప్రశ్నతో ఒకసారి తిరగేయడం ఈ వ్యాసం పని.

సమస్య ఎంత పెద్దదో ఒక్క లెక్క చాలు. 2021 నాటి పరిస్థితిపై అంతర్జాతీయ కార్మిక సంస్థ, దాని భాగస్వాములు వేసిన అంచనా ప్రకారం ప్రపంచంలో 33 లక్షల మంది పిల్లలు బలవంతపు చాకిరీలో ఉన్నారు. వాళ్లలో సగానికి పైగా ఉన్నది లైంగిక వ్యాపారంలో.

అయిదు పౌన్ల పిల్ల

1885 జులైలో పాల్ మాల్ గెజెట్ అనే పత్రిక వరుస కథనాలతో లండన్‌ను కుదిపేసింది. సంపాదకుడు డబ్ల్యూ. టి. స్టెడ్. పేదింటి ఆడపిల్లను ఆ నగరంలో ఎంత సులువుగా కొనవచ్చో చూపడానికి ఆయన నిజంగానే ఒక పిల్లను కొనిపించాడు. ఆమె పేరు ఎలైజా ఆర్మ్‌స్ట్రాంగ్, వయసు 13, ఖరీదు అయిదు పౌన్లు. ఈ పనిలో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ ఆయనకు తోడు నిలిచింది. చట్టం మార్చాలంటూ ఆర్మీ పెట్టిన అర్జీ మీద 3,93,000 సంతకాలు పడ్డాయి. ఆగస్టు తిరక్కుండానే పార్లమెంటు ఆడపిల్లల సమ్మతి వయసును 13 నుంచి 16కు పెంచింది.

చట్టం వచ్చింది, లక్షల మంది పిల్లలకు మేలు జరిగింది. మరి ఎలైజా? కొన్నవాళ్లు ఆమెకు మంత్రసాని చేత పరీక్ష చేయించారు. మత్తుమందు వాసన చూపించారు. వ్యభిచార గృహంలో ఒక గదిలో ఉంచి, తర్వాత ఫ్రాన్స్ పంపించేశారు. కూతురు ఎవరింట్లోనో పనికి వెళ్తోందనుకున్నానని తల్లి కోర్టులో చెప్పింది. తండ్రినైతే అడగనేలేదు. ఆ కారణంతోనే స్టెడ్‌కు మూడు నెలల జైలు పడింది. పిల్లలను కాపాడాలని బయల్దేరినవాళ్లు ఒక పిల్లను రుజువుగా వాడుకున్నారు. ఈ పరిచర్య ఆధునిక చరిత్ర మొదలైందే ఆ పొరపాటుతో. దాని నీడ ఇప్పటికీ పూర్తిగా తొలగలేదు.

కేడ్‌గావ్, దోనావూరు

మన దేశంలో ఈ పని మొదలుపెట్టినవారిలో పండిత రమాబాయిది ముందు వరుస. 1889లో బొంబాయిలో బాలవితంతువుల కోసం శారదా సదన్ తెరిచారు. మరుసటి ఏడాది పుణెకు మార్చారు. పిల్లలు ఆమె క్రైస్తవ ప్రార్థనలో కూర్చుంటున్నారన్న విషయం మీద 1893లో పెద్ద దుమారం రేగింది. తిలక్ తన కేసరి పత్రికలో విరుచుకుపడ్డారు. రానడే, భండార్కర్ సలహా సంఘం నుంచి తప్పుకున్నారు. చాలామంది తల్లిదండ్రులు పిల్లలను తీసుకెళ్లిపోయారు. మతం మార్పిడి ఆరోపణ ఈ రంగానికి కొత్త కాదని గుర్తుంచుకోవడానికి ఈ తేదీ చాలు.

1896-97 కరువులో రమాబాయి మధ్య పరగణాలకు వెళ్లి వందల మంది ఆడపిల్లలను వెంటబెట్టుకొచ్చారు. కరువు శిబిరాల చుట్టూ పిల్లలను ఎత్తుకుపోయే మనుషులు కాచుకుని ఉండేవారని ఆమే రాశారు. ఇప్పటి భాషలో దాన్ని అక్రమ రవాణా అంటాం. పుణె దగ్గర కేడ్‌గావ్‌లో ముక్తి మిషన్ అలా పెరిగింది. 1900 నాటికి అక్కడ దాదాపు రెండు వేల మంది ఉన్నారు. రమాబాయి వాళ్లను ప్రార్థనలకు మాత్రమే పరిమితం చేయలేదు. నేత నేర్పారు, అచ్చు పని నేర్పారు. ఆమె చేసిన మరాఠీ బైబిలు అనువాదానికి అక్షరాలు కూర్చింది ఆ స్త్రీల చేతులే.

దక్షిణాదిలో ఇదే కాలానికి చెందిన పేరు ఎమీ కార్మైకేల్. ఐర్లండ్ నుంచి 1895లో వచ్చి, తిరునల్వేలి ప్రాంతంలో తమిళం నేర్చుకుని, చీర కట్టి, 1951లో కన్నుమూసేదాకా ఒక్కసారి కూడా సెలవు మీద స్వదేశం వెళ్లలేదు. 1901 మార్చిలో ఏడేళ్ల పిల్ల ఒకతి గుడి ఇంటి నుంచి పారిపోయి ఆమె దగ్గరికి చేరింది. దేవుడికి పెళ్లి చేసి గుడికి ఒప్పగించే ఆచారానికి ఆ పిల్లను సిద్ధం చేస్తున్నారు. అంతకుముందు ఒకసారి తూత్తుకుడిలో ఉన్న తల్లి దగ్గరికి పారిపోతే, తల్లే తిరిగి అప్పగించిందట. శిక్షగా చేతులు కాల్చారట. పిల్లను కన్నవారి దగ్గరికి చేర్చడమే అన్నిటికన్నా మంచిదని ఇప్పుడు అందరం అంటాం. అది చాలాసార్లు నిజమే. అన్నిసార్లూ కాదని ఈ పిల్ల చేతులు చెబుతాయి.

దోనావూరులో అలా మొదలైన ఇంట్లో 1913 నాటికి 130 మంది దాకా పిల్లలు ఉన్నారు. 1918 నుంచి మగపిల్లలనూ తీసుకున్నారు. అందరికీ ఆమె అమ్మ. పొన్నమ్మాళ్ లాంటి తమిళ స్త్రీలు లేకపోతే ఆ ఇల్లు నిలిచేది కాదు. పుట్టినరోజు తెలియని పిల్లలకు అక్కడ 'వచ్చిన రోజు' పండగ చేసేవారు. డబ్బు కోసం బహిరంగంగా చెయ్యి చాచకూడదన్నది ఎమీ పెట్టుకున్న నియమం. అయితే ఆమె పుస్తకాలు రాసింది, అందులో పిల్లల కథలు చెప్పింది. 1909 నాటి 'లోటస్ బడ్స్'లో పిల్లల ఫొటోలు కూడా వేసింది. ఆ పుస్తకాల వల్లే గుడికి పిల్లలను ఒప్పగించే వ్యవహారం ఇంగ్లండులో పదిమందికీ తెలిసింది. బిడ్డల ముఖాలు ముందుపెట్టి లోకాన్ని కదిలించే పద్ధతి కూడా అలాగే స్థిరపడింది. మంచికీ చెడుకీ ఆమె పేరు చెప్పకుండా ఈ చరిత్ర నడవదు.

పిల్లలను గుడికి ఒప్పగించే ఆ ఆచారాన్ని చట్టం చేసి మాన్పించిన ఘనత మాత్రం ఏ ఒక్క మిషన్‌దీ కాదు. డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి ఏళ్ల తరబడి పోరాడితే 1947లో మద్రాసు చట్టం వచ్చింది. తెలంగాణ, రాయలసీమ పల్లెల్లో జోగిని, బసివి, మాతమ్మ పేర్లతో మిగిలిన దాని రూపాలను నిషేధించడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1988లో మరో చట్టం కావాల్సి వచ్చింది.

స్టువర్టుపురం

ఈ చరిత్రను రక్షకుల వైపు నుంచే చెబితే సగమే చెప్పినట్టు. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం మిగతా సగం. నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాజధానికీ వర్తించాక, ఎరుకల కుటుంబాలను ఒకచోట ఉంచి కాపలా కాయడానికి పెట్టిన సెటిల్‌మెంటు అది. ప్రభుత్వం దాని నిర్వహణను సాల్వేషన్ ఆర్మీకి అప్పగించింది. లండన్‌లో ఆడపిల్లల కోసం అర్జీ పెట్టిన సంస్థే ఇక్కడ హాజరు పుస్తకం పట్టుకుంది. సెటిల్‌మెంటు మనుషులు చీరాల పొగాకు ఫ్యాక్టరీకి కూలీలయ్యారు. నాలుగేళ్లు దాటిన పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి సంస్కరణ కేంద్రాల్లో పెట్టే అధికారాన్ని ఈ చట్టానికి 1897లో చేసిన సవరణే ప్రభుత్వాల చేతికిచ్చింది. బడి పెట్టారు, వైద్యం చేశారు, అవి కాదనలేం. కానీ తల్లి ఒడిలోంచి పిల్లను తీయడం ఆ పిల్ల మేలుకేనని నమ్మిన చోట, ఆ నమ్మకాన్ని ప్రశ్నించే మనిషి లేకపోయాడు.

స్వాతంత్ర్యం వచ్చాక ఆ చట్టం రద్దయింది, మచ్చ పోలేదు. 1970లలో అక్కడికి వెళ్లి, దొంగలన్న ముద్ర తుడవడానికి ఆ ఇళ్లలోనే కూర్చుని మాట్లాడినవారు హేమలతా లవణం. కవి జాషువా కుమార్తె, నాస్తికోద్యమ కుటుంబపు కోడలు. తర్వాత నిజామాబాద్ జిల్లాలో జోగినుల కోసం పనిచేసిందీ ఆమే. కరుణ ఒక మతానికి గుత్తసొమ్ము కాదని చెప్పడానికి తెలుగువాళ్లకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు.

ప్లాట్‌ఫారం మీద

మద్రాసు, హౌరా, ఢిల్లీ, హైదరాబాద్ దారులు కలిసే విజయవాడ జంక్షన్‌లో రైలు దిగే ఒంటరి పిల్లలకు లెక్క లేదు. కొందరు ఇంట్లో దెబ్బలకు పారిపోయినవారు, కొందరు పని ఇప్పిస్తామన్న మనిషి చెయ్యి పట్టుకుని వచ్చినవారు. కేథలిక్ సలేషియన్ సభవారు 1989లో ఇక్కడ నవజీవన్ బాలభవన్ ప్రారంభించారు. ప్లాట్‌ఫారాల మీద తిరిగి పిల్లలతో స్నేహం కట్టడం వీళ్ల పద్ధతి.

ఈ పనిలో తలపండినవాళ్లు పిల్లాడి పక్కన నేల మీదే కూర్చుంటారు. మొదటి మాట "తిన్నావా?" అన్నదే. పేరు అడిగితే అబద్ధం చెబుతాడని వాళ్లకు తెలుసు. ఊరు అడిగితే దాటి వచ్చిన ఏదో స్టేషన్ పేరు చెబుతాడు. అది మోసం కాదు, తన దగ్గర మిగిలిన ఒకే ఒక్క ఆస్తిని దాచుకోవడం. ఇడ్లీ పొట్లం అయ్యేసరికి అసలు పేరు సగం బయటికొస్తుంది. మిగతా సగానికి వారం పడుతుంది, ఒక్కోసారి ఏడాది. 24 గంటల్లోగా పిల్లాణ్ణి బాలల సంక్షేమ సమితి ఎదుట హాజరుపరచాలని చట్టం చెబుతుంది. ఆ గడువుకీ, ఈ ఓపికకీ మధ్య రోజూ నలిగేది ఈ కార్యకర్తలే. 1996లో ముంబైలో పుట్టిన 1098 చైల్డ్‌లైన్ ఎన్నో ఊళ్లలో ఇలాంటి సంస్థల భుజాల మీదే నడిచింది. 2023లో దాని నిర్వహణ ప్రభుత్వ యంత్రాంగం చేతికి వెళ్లింది. ఫోను ఎత్తే మనిషి మారినా, నేల మీద కూర్చునే మనిషి అవసరం తీరలేదు.

హైదరాబాద్‌లో మరో దారి కనిపిస్తుంది. 1996లో పాతబస్తీలోని మెహబూబ్ కీ మెహందీ అనే వేశ్యావాటికను ఖాళీ చేయించినప్పుడు, వీధిన పడ్డ స్త్రీల పిల్లల కోసం ఒక బడి మొదలైంది. తల్లి బతుకు కూతురికి రాకూడదన్నదే దాని లక్ష్యం. ప్రజ్వల అనే సంస్థ పుట్టింది అక్కడే. స్థాపకులు ఇద్దరు. మోంట్‌ఫోర్ట్ బ్రదర్ జోస్ వెట్టికాటిల్, సునీతా కృష్ణన్. ఒకరు క్రైస్తవ సన్యాసి, ఇంకొకరు కారు. సంస్థ మీద సిలువ గుర్తు లేదు. సునీత చిన్ననాడు తన మీద జరిగిన అఘాయిత్యం గురించి బహిరంగంగానే మాట్లాడతారు. పెద్దయ్యాక, తాను ఎంచుకున్న చోట, తాను ఎంచుకున్న మాటల్లో. మైకు దగ్గరి పిల్లకూ ఈమెకూ తేడా ఇదే.

దాడి, ఆ మర్నాడు

1997లో అమెరికాలో పుట్టిన ఇంటర్నేషనల్ జస్టిస్ మిషన్ ఈ రంగం రూపురేఖలు మార్చింది. స్థాపకుడు గ్యారీ హాగెన్ న్యాయవాది. ప్రార్థనతో పాటు లాయరునూ, డిటెక్టివునూ పంపాలన్నది ఆయన వాదన. మన దేశంలోనూ పోలీసులతో కలిసి వ్యభిచార గృహాల నుంచి మైనర్లను, ఇటుక బట్టీలు, రైస్ మిల్లుల నుంచి వెట్టి కుటుంబాలను విడిపించే పని చేశారు.

2003లో కంబోడియాలోని స్వాయ్ పాక్‌లో జరిపిన దాడిలో 37 మంది ఆడపిల్లలు బయటికొచ్చారు. అమెరికా టీవీ కెమెరాలు వెంట ఉన్నాయి. ప్రపంచం చూసింది, చలించింది. కొందరు పిల్లలు ఆశ్రయం నుంచి పారిపోయారన్నది ఆ కథలో వెనకబడిపోయిన భాగం. అప్పు తీరలేదు, ఇంటికి డబ్బు పంపాలి, కొత్త చోటు జైలులా ఉంది. తలుపు పగలగొట్టడానికి ఒక రాత్రి చాలు, పిల్ల మనసు కుదుటపడటానికి ఏళ్లు పడుతుందని అప్పుడు అందరికీ తెలిసొచ్చింది. ఫలితాలూ లేకపోలేదు. ఫిలిప్పీన్స్‌లోని సెబూలో 2006-2010 మధ్య లైంగిక వ్యాపారంలో మైనర్ల సంఖ్య 79 శాతం తగ్గినట్టు ఆ సంస్థ చేయించిన కొలతల్లో తేలింది. అయితే ఆ దేశంలోనే ఇప్పుడు వ్యాపారం గదుల్లోంచి ఫోన్లలోకి మారింది. 2022లో దాదాపు అయిదు లక్షల మంది పిల్లలు ఆన్‌లైన్ లైంగిక దోపిడీకి గురయ్యారని వాళ్ల మరో అధ్యయనం అంచనా వేసింది. పగలగొట్టడానికి అక్కడ వీధి తలుపు ఉండదు. చాలాసార్లు నేరస్థలం ఇల్లే, నేరస్థులు అయినవాళ్లే.

దాడుల మీద మరో అభ్యంతరం సెక్స్ వర్కర్ల సంఘాలది. తమ ఇష్టంతో ఉన్న పెద్దవాళ్లనూ పిల్లలతో కలిపి లాక్కెళ్లి హోమ్‌లలో పెడుతున్నారని వాళ్ల ఫిర్యాదు. 2022లో సుప్రీంకోర్టు కూడా మేజర్లయిన స్త్రీలను ఇష్టానికి విరుద్ధంగా నిర్బంధించరాదన్న వైపే మాట్లాడింది. పిల్లల విషయంలో సమ్మతి ప్రశ్నే లేదు. ఈ రెంటినీ వేరుగా చూడని పరిచర్య రెండు పక్షాలకూ అన్యాయం చేస్తుంది.

హోమ్, డబ్బు, మతం

అనాథాశ్రమాల్లోని పిల్లల్లో ప్రతి అయిదుగురిలో కనీసం నలుగురికి తల్లో తండ్రో ఉన్నారని సేవ్ ద చిల్డ్రన్ 2009లో చెప్పింది. మన జిల్లాల్లో ఇది వింత కాదు. తల్లి కువైట్‌లో ఇంటి పనికి వెళ్లింది, తండ్రి తాగుతాడు, పిల్లను అయ్యగారి హోమ్‌లో చేర్చారు. బోర్డింగులో చదివి పైకొచ్చిన తరాలు మన మధ్య ఉన్నాయి గనుక ఎవరికీ తప్పనిపించదు. కానీ పిల్లల తల లెక్కన డబ్బు వచ్చే చోట, తలలు పెంచాలన్న ఆశ పుడుతుంది. ఆశ్రమాలు నింపడానికే పిల్లలను తరలించడం ఆధునిక బానిసత్వంలో భాగమేనని 2017లో ఆస్ట్రేలియా పార్లమెంటరీ విచారణ తేల్చింది. అదే ఏడాది మన సుప్రీంకోర్టు, దేశంలోని పిల్లల సంరక్షణ సంస్థలన్నీ డిసెంబరు 31లోగా నమోదు కావాలని ఆదేశించింది. నమోదైతే చాలా? 2018లో బయటపడ్డ బీహార్ ముజఫర్‌పూర్ ఘోరం, బాలికల మీద లైంగిక అఘాయిత్యం, జరిగింది ప్రభుత్వ నిధులతో నడిచిన ఇంట్లో, అక్కడ ఏ చర్చీ లేదు. పేరు దేవుడిదైనా, సర్కారుదైనా, మూసిన గేటు లోపలికి బయటి మనిషి రాకపోకలు ఉండాల్సిందే.

డబ్బు ఒకచోట నుంచే వస్తే ఏమవుతుందో కూడా 2017లోనే చూశాం. విదేశీ నిధులకు ప్రభుత్వం అడ్డుపడటంతో కంపాషన్ ఇంటర్నేషనల్ అనే క్రైస్తవ సంస్థ మన దేశంలో పని ఆపేసింది. అది ఆసరా ఇస్తున్న పిల్లలు 1,45,000 మంది. ఆ నిర్ణయం సరైందా కాదా అన్న వాదన ఎటు తేలినా, మర్నాటి అన్నం సంగతి పిల్లలకు ఎవరూ చెప్పలేదు. ఊళ్లోని సంఘం, పక్క వీధి మనుషులు, స్థానిక దాతలు నిలబెట్టే పనికే ఇలాంటి ఎదురుదెబ్బలు తట్టుకునే బలం ఉంటుంది. పిల్లను హోమ్‌కు పంపకుండా ఇంట్లోనే నిలబెట్టడానికి ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయలు వచ్చే వీలుంది. ఆ ఫారం నింపిపెట్టి, తల్లి వెంట ఆఫీసుకు వెళ్లే పాస్టర్ ఒక్కడు చేసే మేలు కొత్త భవనం కన్నా తక్కువేం కాదు.

ఇక మతం. నమ్మకం లేకుండా ఈ పని చేయమని నమ్మినవాళ్లను అడగలేం. తెల్లవారుజామున ప్లాట్‌ఫారం మీద కూర్చోబెట్టేది ఆ నమ్మకమే. కానీ అన్నం, పడక, ప్రార్థన ఒకే చేతి నుంచి వచ్చినప్పుడు పిల్ల "వద్దు" అనగలదా? 1893లో పుణెలో రేగింది ఈ ప్రశ్నే. గుర్తింపు ఉన్న విద్యాసంస్థల్లో మైనరుకు మతబోధ చేయాలంటే సంరక్షకుల సమ్మతి కావాలని రాజ్యాంగం 28వ అధికరణ చెబుతుంది. సంరక్షకులే అమ్మేసిన పిల్ల విషయంలో ఆ సమ్మతికి అర్థమేమిటి? నా దృష్టిలో జవాబు ఒకటే. ఆమె పెద్దదై తేల్చుకునేదాకా ఆ నిర్ణయాన్ని ఆమె పేరున జాగ్రత్తగా అట్టేపెట్టాలి.

కోర్టు నేర్చుకుంది

ఆశ్చర్యంగా, పిల్ల మౌనాన్ని గౌరవించడం చర్చి కన్నా ముందు కోర్టు నేర్చుకుంది. కాకతాళీయంగా, 'సాక్షి' అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో 2004లో సుప్రీంకోర్టు తెర అడ్డం కట్టమంది. బాధితురాలికి నిందితుడు కనిపించకూడదు, ప్రశ్నలు జడ్జి ద్వారానే వెళ్లాలి, మధ్యలో విరామం ఇవ్వాలి. 2012 పోక్సో చట్టం ఇంకా ముందుకెళ్లింది. పిల్లను పదేపదే కోర్టుకు పిలవకూడదు. కోర్టు కేసు చేపట్టిన 30 రోజుల్లో సాక్ష్యం నమోదు కావాలి. హైదరాబాద్‌లో 2016లో భరోసా కేంద్రం, 2018లో బాలల స్నేహపూర్వక కోర్టు ఈ ఆలోచనకు గోడలూ కిటికీలూ ఇచ్చాయి. ఆచరణలో వాయిదాలు మామూలే, గడువులు దాటడం మామూలే. కానీ నియమం ఏమిటన్న దానిపై ఇప్పుడు తగువు లేదు.

2015 బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ అలాంటి పిల్లల పేరు, ఊరు, బడి, ఫొటో బయటపెట్టడాన్ని నేరంగా చేసింది. ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఆ సెక్షన్ పత్రికలకే కాదు, సమాచార పత్రాలకూ వర్తిస్తుంది. మన పరిచర్యలు దాతలకు పంపే రంగుల ప్రార్థనా పత్రిక కూడా అలాంటిదేనని ఎంతమంది గమనించారో తెలియదు. కళ్ల మీద నల్ల గీత గీసి, కింద ఊరి పేరు వేస్తే చట్టం ఊరుకోదు.

అందుకే ఈ పరిచర్యలను తూచేటప్పుడు నేను నాలుగు సంగతులు చూస్తాను. పిల్ల కథ ఎవరి ఫైల్లో ఉంది, దాన్ని ఎవరు తెరవగలరు? ఆమె పేరు, మాతృభాష, పండగ ఆమెకు మిగిలాయా? వెళ్లగలిగిన ఇల్లు ఉంటే అక్కడికి చేర్చే ప్రయత్నం జరిగిందా, లేని చోట ఈ ఇల్లు నిజంగా ఇల్లేనా? పద్దెనిమిది నిండగానే పెట్టె సర్దించి పంపేశారా? 21 ఏళ్లదాకా ఆసరా కొనసాగించే వీలు చట్టంలోనే ఉంది. ఈ నాలుగింటికీ మంచి జవాబున్న చోట, గోడ మీద ఏ వాక్యం రాసి ఉన్నా నాకు అభ్యంతరం లేదు.

దోనావూరులో పిల్లల 'వచ్చిన రోజు' ఎందుకో నా మనసులో నిలిచిపోయింది. ఎక్కణ్ణుంచి వచ్చావన్న ప్రశ్న ఆ పండగలో లేదు, వచ్చావు, అంతే చాలు. మన షామియానాలకూ ఆ పద్ధతి పాకితే బాగుండు. అతిథులు రానీ, దండలు పడనీ, యాక్షన్ సాంగ్ కానీ. ఆ పిల్ల మైకు పట్టుకుని తనకొచ్చిన పాట పాడుకోవచ్చు, లెక్కల్లో వచ్చిన మార్కులు చెప్పుకోవచ్చు. లేదా వెనక చాప మీద పిల్లల మధ్య కూర్చుని, చేతిలో వేడి పకోడీ ఊదుకుంటూ, ఎవరికీ ఏమీ చెప్పకుండా ఉండొచ్చు.